ఐసు తగలని సొర

ఐసు తగిలిన సొర చేప బాలింతకి పెట్టకూడదు. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఈ మాట చెబుతూనే ఉండేది. ఎందుకత్తా అని అడిగితే, "పాలు గడ్డకట్టుకుపోతాయే, మొద్దూ," అనేది. అందులో నిజమెంతో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. కానీ పుదుచ్చేరిలో మేముండే ఈ వీధిలో, తమిళం వాళ్ళయినా మాలాగా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే వాళ్ళయినా, ఈ విషయంలో అందరిదీ ఒకటే మాట. బిడ్డకి పాలు దిగాలంటే తల్లికి పాల సొర అనే చిన్న రకం సొర పెట్టాలి. ఆ సొర ఆ రోజు సముద్రంలోంచి వచ్చిందై ఉండాలి. ఐసు పెట్టె మొహం చూడకుండా నేరుగా పొయ్యి మీదికి రావాలి.

నన్ను చూసినవాళ్ళెవరూ నేను పిరికిదాన్నంటే నమ్మరు. నోరు అంత పెద్దది మరి. కూరగాయల బండివాడి నుంచి కరెంటు బిల్లు తీసేవాడి దాకా నా నోటికి జడుస్తారు. మా ఆయన బజారులో కొట్టు మూసి ఇంటికొచ్చేటప్పుడు వీధి మొదట్లోనే ఆగి, నా గొంతు ఏ శ్రుతిలో ఉందో విని మరీ లోపలికొస్తాడు. కానీ లోపల నాకు అన్నిటికీ భయమే. వేళకాని వేళ ఫోను మోగితే భయం, ఆకాశం నల్లబడితే భయం. అరిచేదంతా ఆ భయం బయటపడకుండా ఉండటానికేనని నాకు తెలుసు.

మా వీధి దాటి ఇంకో రెండు వీధులు నడిస్తే కురుచికుప్పం, సముద్రం ఒడ్డున జాలర్ల పేట. అక్కడి జాలరి ఇంటావిడ ఒకామె నేను కాపురానికొచ్చిన నాటి నుంచి మా ఇంటికి చేపలు తెచ్చేది. వయసులో నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను, మా ఇంట్లో అందరికీ చేపలక్క. ఆమె నన్ను "మా" అంటుంది, అమ్మాకి కురచ. తమిళావిడే అయినా మా గుమ్మంలో కూర్చుని కూర్చుని మా తెలుగు నేర్చేసుకుంది. మా అత్తగారితో దెబ్బలాడటానికే నేర్చుకుందేమోనని నా అనుమానం. గంప దించేది, ఇద్దరూ అరగంట తిట్టుకునేవాళ్ళు, తరవాత కలిసి కాఫీ తాగేవాళ్ళు.

నాకు కూతురు పుట్టినప్పుడు సొర తెచ్చింది ఆమే. అప్పుడు సొర తేవడం ఒక పెద్ద పని కాదు. ఆమె మొగుడు తెల్లారకముందే పడవ వేసుకుని పోయేవాడు, పొద్దెక్కేసరికి ఒడ్డుకొచ్చేవాడు. ఒడ్డు మీద నిలబడితే వాళ్ళ పడవలు వేలెడంత కనబడుతూ ఉండేవి, అంత దగ్గర. ఆమె గంపలో తెచ్చిన సొర ఇంకా మొప్పలు ఆడిస్తూ ఉండేది. దాన్ని పసుపు వేసి ఉడకబెట్టి, ఇసుక కాగితంలా గరుకుగా ఉండే తోలు ఒలిచి, కండ పొడిపొడిగా చిదిమి, నీరు పిండేసి, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపులో వేయించేవాళ్ళు. దాన్నే సొర పుట్టు అంటారు. బాలింత తినేది అదీ, అన్నమూ, అంతే.

సొర తెచ్చినామెకి ఒక మర్యాద ఉంది. డబ్బులు ఇవ్వరు. మొదటి పిడికెడు పుట్టు ఆకులో పెట్టి ఆమెకిస్తారు, పసుపూ కుంకుమతో చీర పెడతారు. ఆమె గుమ్మంలో కూర్చుని అది తిని, చెయ్యి కడుక్కుని, గంప నెత్తికెత్తుకుంటూ ఒక మాట అనాలి. "మళ్ళీ కానుపుకీ నేనే తెస్తా మా." అది దీవెన. ఇంట్లో ఇంకో బిడ్డ పుట్టాలి, సముద్రంలో ఇంకో సొర ఉండాలి, తేవడానికి తనూ ఉండాలి. అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ రోజు మంచం మీద పడుకుని ఆ మాట వింటూ, ఇంకో కానుపా నీ బొంద, అనుకున్నాను. నాకు మళ్ళీ కానుపు రాలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు నా కూతురికి కానుపయింది. అత్తవారిది రెడ్డియార్‌పాళయం. పురుడు మా ఇంట్లోనే. ఆడపిల్ల. కాన్పు బాగానే జరిగింది, కానీ పాలు దిగలేదు. మొదటి రోజుల్లో ఇదంతా మామూలే అన్నారు. బిడ్డ రొమ్ము పట్టేది, లాగేది, వదిలేసి ఏడ్చేది. పట్టేది, లాగేది, ఏడ్చేది. నా కూతురు చమటలు పట్టి, దిండుకి ఆనుకుని, పెదవి కొరుక్కుంటూ ఉండేది. మొదట్లో బిడ్డ గొంతు వీధి చివరికి వినిపించేది, నా మనవరాలే, అనుకుని మురిసిపోయాను. తరవాత తరవాత ఆ గొంతు సన్నబడింది.

డాక్టరమ్మ మంచిది, విసుక్కోదు. బిడ్డ బరువు చూసి, "ఇంకా తగ్గింది," అంది. మాటిమాటికీ రొమ్ముకి వేస్తూ ఉండండి, తల్లికి నిద్రా తిండీ చూడండి, అందాకా డబ్బా పాలు పట్టండి అంది. పట్టాం. చెంచాతో పట్టిన ప్రతిసారీ బిడ్డ పెరుగులా కక్కేసేది. డబ్బా మార్చాం, అదీ కక్కేసింది. "బుధవారం తీసుకురండి. అప్పటికీ పెరగకపోతే ఇక్కడే ఉంచుకుని సూది ద్వారా ఎక్కిద్దాం," అంది డాక్టరమ్మ. బిడ్డ చెయ్యి నా బొటనవేలంత లేదు. దాన్లో సూది యాడ గుచ్చుతారు, అని అడగబోయి నోరు మూసుకున్నాను. నా నోరు నా అంతట నేను మూసుకోవడం మా ఆయన అదే మొదటిసారి చూడటం.

అప్పుడు నాకు సొర గుర్తొచ్చింది. నిజానికి నెలలు నిండకముందే గుర్తు రావలసింది. ఎందుకు రాలేదంటే, చేపలక్క మా గుమ్మానికి రావడం మానేసి చాలా కాలమైంది. ఒక్కసారిగా మానలేదు. ముందు గంపలో వంజరం చేప రావడం తగ్గింది, తరవాత సంకరా. అవి పోయి చవకరకం కానాగంతలూ కవళ్ళూ. అవీ పోయి, వేలెడేసి పొడుగున్న ఏవో పిల్ల చేపలు. "ఇదేందక్కా, పిల్లికి పెట్టేవి నాకు తెచ్చావా?" అని అరిచేదాన్ని. ఆమె తిరిగి అరిచేది. తరవాత తరవాత అరవడం మానేసింది. నేను మార్కెట్లో ఐసు చేప కొనుక్కోవడం అలవాటు చేసుకున్నాను. రుచి లేదని తిట్టుకుంటూనే తినేవాళ్ళం.

ఆ సాయంత్రమే కురుచికుప్పం వెళ్ళాను. చిన్నప్పుడు నా కూతురు ఆడుకున్న ఇసుక అక్కడిప్పుడు లేదు. సముద్రం లోపలికొస్తోందని పెద్ద పెద్ద బండరాళ్ళు వేశారు. ఆ రాళ్ళకీ ఇళ్ళకీ మధ్య పడవలు ఒరిగి పడున్నాయి. చేపలక్క ఇంటి ముందు ఆమె మొగుడు వల బాగు చేసుకుంటూ కూర్చుని ఉన్నాడు. నేను లోపలికి వెళ్ళాను, వెళ్ళగానే ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో కాసేపటికి తెలిసింది. ఆ ఇంట్లో చేప వాసన లేదు. స్టవ్ మీద కోడిగుడ్ల పులుసు ఉడుకుతోంది. సముద్రం గోడకి తగిలేంత దగ్గర ఉన్న ఇల్లది.

"ఏంది మా, ఇంత దూరం?" అంది చేపలక్క. ముసలిదైపోయింది. చెప్పాను, పాప సంగతి, పాల సంగతి, బుధవారం సంగతి. ఆమె గరిటె పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"ముందే ఎందుకు చెప్పలేదు మా? పిల్ల కడుపుతో ఉండాదని కూడా తెలవదే నాకు."

"నువ్వు యాడొచ్చావక్కా, చెప్పడానికి?"

"ఉత్త గంప ఎత్తుకుని కడుపుతో ఉన్న పిల్ల ఇంటికి ఎట్ట వచ్చేది?" అంది.

సొర కావాలన్నాను. ఆమె తల అడ్డంగా ఆడించింది. "యాడుంది మా సొర? కడల్లో ఏముంది? పెద్ద పడవలోళ్ళు అడుగంటా గీక్కుని పోతాండారు. తల్లీ పిల్లా అని చూస్తారా? మేము తినేదానికే లేదు. చూడు, గుడ్డు పులుసు. మొన్న ఎండు చేప అంగట్లో కొన్నా. నేను! ఎండు చేప! అంగట్లో!" ఆమె నవ్వింది గానీ ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"హార్బర్లో ఉంటాయి కదక్కా? ఐసుది అయితే ఐసుది. దాన్నే తే. పాత మాటలు పట్టుకుని కూర్చుంటే ఎట్ట?" అన్నాను. ఎలాగైనా బిడ్డ కడుపు నిండితే చాలు. మా అత్తగారు పైనుంచి వింటే విననీ.

బయట నుంచి చేపలక్క మొగుడి గొంతు వచ్చింది. ఆయన మామూలుగా మాట్లాడే మనిషి కాదు, అన్నా అంటే తల ఊపుతాడు, అంతే. "బాలింతకి ఐసు చేప ఇచ్చే ఇల్లా మనది?" అన్నాడు, తమిళంలో, పెళ్ళాంతో. వల కింద పెట్టి లోపలికొచ్చాడు. చేతిలో వల ముక్క పట్టుకొచ్చాడు. అది ఆయనది కాదు, పెద్ద పడవల వాళ్ళది, నీళ్ళలో తేలుతుంటే దొరికిందట. దాని కంతలోకి చిటికెన వేలు పెట్టి చూపించాడు. దూరలేదు. "ఇంక ఏం మిగుల్తుందమ్మా?" అన్నాడు. ఆపైన, "నేను దూరం పోతా. ఆడ గాలం వేస్తే దొరకొచ్చు," అన్నాడు.

"దూరం అంటే ఎంత దూరం?" అని చేపలక్క అడిగింది. ఆయన పడవ వైపు నడిచాడు.

ఇక్కడే జరిగింది తప్పు. ఆ ఇంటి వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు. దూరం పోయే పడవలో ఐసు పెట్టె పెడతారు, చేప పాడవకుండా. ఆయన ఐసు పెట్టె దింపేశాడు. ఐసు ఉంటే చెయ్యి దాని మీదికి పోతుందట. అది లేకపోతే సాయంత్రంలోగా తిరిగి రాక తప్పదు, సొరకి ఐసు తగలదు. ఖాళీ అయిన చోట ఇంకో డీజిల్ క్యాను పెట్టుకున్నాడు, ఇంకా ముందుకి పోవచ్చని. తోడు ఎవరినీ తీసుకోలేదు, ఒక్క సొర కోసం ఇంకో మనిషి పని చెడగొట్టడం ఎందుకని. "అన్నా, వద్దు, నాకు భయంగా ఉంది," అన్నాను. ఆయన నవ్వాడు. "భయం మీకెందుకమ్మా, నీళ్ళలో ఉండేది నేను కదా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన పోయాడు. బిడ్డ ఏడుపు అప్పటికి ఏడుపులా లేదు, మూలుగులా ఉంది. నోరు తెరిచేది, శబ్దం వచ్చేది కాదు. నా కూతురు నన్ను చూసి, "అమ్మా, దీనికేమన్నా అవుతుందా?" అంది. "ఏమీ కాదు, మూసుకో నోరు," అని కసిరాను. కసిరి వంటింట్లోకి పోయి గోడకి తల ఆనించి నిలబడ్డాను. వెల్లుల్లి ఒలిచాను. చిన్న ఉల్లిపాయలు ఒలిచాను. కరివేపాకు దూశాను. చేప లేకుండా అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాను. పొద్దెక్కింది, ఎవరూ రాలేదు.

మధ్యాహ్నం దాటాక ఇంక ఉండబట్టలేక కురుచికుప్పానికి పోయాను. మిగతా పడవలన్నీ వచ్చేశాయి. ఆయనది రాలేదు. చేపలక్క బండరాళ్ళ మీద నిలబడి ఉంది, పక్కన ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. ఫోను చేస్తే స్విచ్ ఆఫ్ అని వస్తోందట. అంత దూరంలో ఫోను పలకదని వాళ్ళకి తెలుసు. తెలిసీ చేస్తూనే ఉన్నారు. గాలి లేచింది. నీళ్ళ రంగు మారింది. నాకు సముద్రం సంగతి ఏమీ తెలియదు గానీ, వాళ్ళు దాన్ని చూస్తున్న తీరు చూసి నేనూ రాళ్ళెక్కి వాళ్ళ పక్కన నిలబడ్డాను.

చేపలక్క నన్ను ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. నా వల్లే కదా అని ఒక్క మాట అన్నా బాగుండేది. రాళ్ళు దిగి, తన అల్యూమినియం గంప తెచ్చి, కొబ్బరి పీచుతో తోమడం మొదలుపెట్టింది. కడిగింది. మళ్ళీ తోమింది. అందులో ఏమీ లేదు, మురికి కూడా లేదు. "అక్కా, చాలు," అన్నాను. వినలేదు. "ముందు అంతా ఈడనే దొరికేది మా," అంది, తోముతూనే. "నేను ఒడ్డున నిలబడి అన్నం తినేదానికి రమ్మని పిలిస్తే వినపడేది ఆయనకి. ఏటేటా దూరం పోతాండాడు. ఏటేటా ఇంకొంచెం. ఏదో ఒక రోజు తిరిగి వచ్చేదానికి అయ్యేది లేదని నాకు తెలుసు. ఆ రోజు ఇదేనా కాదా అనే నాకు తెలవదు."

ఆమె చేతిలోంచి గంప లాక్కుని పక్కన పెట్టాను. ఆమె చేతులు మంచులా ఉన్నాయి. నావీ అంతే. ఇంటి దగ్గర ఒక ప్రాణం, నీళ్ళ మీద ఒక ప్రాణం. నేను ఎవరి కోసం దణ్ణం పెట్టుకోవాలో తెలియలేదు. ఇద్దరి కోసమూ అడిగితే ఒక్కటే ఇస్తాడేమో దేవుడు, ఏది ఇస్తాడో, ఏది అడగాలో. ఇలాంటి పాడు లెక్కలు మనసులో తిరుగుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ఏ దేవుడి పేరూ ఎత్తకుండా ఊరికే నిలబడ్డాను.

కుప్పం కుర్రాళ్ళు రెండు పడవలు వేసుకుని వెతకడానికి పోయారు. వాళ్ళ ఇంజన్ల చప్పుడు దూరమైపోయాక ఇంకేమీ వినపడలేదు. మా ఆయన ఫోను చేశాడు. బిడ్డ నిద్రపోతోందన్నాడు. నిద్రా, నీరసమా అని అడిగాను. "వచ్చెయ్," అన్నాడు. ఎలా వచ్చెయ్యను? చేపలక్క చెయ్యి నా చేతిలోనే ఉంది. ఆమె అంత గట్టిగా పట్టుకుందని నాకు అప్పుడే తెలిసింది, వేళ్ళు తిమ్మిరెక్కిపోయాయి.

పొద్దు వాలుతుండగా ఒక పడవ కనబడింది. దాని వెనక ఇంకోటి. మూడోదాన్ని తాడు కట్టి లాక్కొస్తున్నారు. "మనిషి ఉండాడా? మనిషి ఉండాడా?" అని చేపలక్క అరుస్తోంది. అలల చప్పుడుకి ఎవరికీ వినపడదు. నాకు చూపు సరిగా ఆనదు, అన్నీ మసకే. నేను కళ్ళు మూసుకున్నాను. నిజంగా మూసుకున్నాను. పక్కనున్న ఆడమనిషి "కూర్చుని ఉండాడు, కూర్చుని ఉండాడు," అన్నాక తెరిచాను.

ఆయన దిగాడు. పెదవులు పగిలిపోయాయి, మొహం మాడిపోయింది. పెద్ద పడవల వాళ్ళు తెంపి వదిలేసిన వల ఒకటి ఇంజను రెక్కకి చుట్టుకుందట. కోసీ కోసీ చెయ్యి తెగింది గానీ అది ఊడలేదు. అట్టే కొట్టుకుపోయాడు, వీళ్ళకి కనబడేదాకా. చేపలక్క ఆయన రొమ్ము మీద గుద్దింది. రెండు చేతులతో గుద్దింది, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది. తరవాత ఆ రొమ్ము మీదే తల పెట్టి ఏడ్చింది. నేను రాయి మీద కూలబడ్డాను.

ఆయన తన చెయ్యి సంగతి చూసుకోలేదు. పడవలోకి వంగి తడి గోనె ఎత్తాడు. దాని కింద సొర. మూరెడు పైన ఉంటుంది. దొరికాక తోకకి తాడు కట్టి నీళ్ళలోనే పడవ పక్కన ఉంచాడట. తాడేసి లాగడం మొదలయ్యాక పైకి తీసి, గోనె కప్పి, దారంతా నీళ్ళు పోస్తూ వచ్చాడట. దాని మొప్పలు ఇంకా కొంచెం కదులుతున్నాయి. "ఐసు తగల్లేదమ్మా," అన్నాడు నాతో. అంత దాహంతో ఉన్న మనిషి మొదట అన్న మాట అది.

ఆలస్యం చెయ్యకూడదని చేపలక్క అక్కడే కత్తిపీట వేసింది. కళ్ళు తుడుచుకుంటూనే పొట్ట చీల్చింది. చీల్చి ఆగిపోయింది. లోపలి నుంచి పిల్లలు జారాయి. సొర గుడ్లు పెట్టదని, మనలాగే పిల్లల్ని కంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. జానెడు లేవు ఒక్కొక్కటీ. అచ్చం తల్లిలాగే, కళ్ళూ తోకా అన్నీ ఉన్నాయి. బొడ్డు తాడు కూడా ఉంది. రెండు కదులుతున్నాయి. ఒకటి నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. శబ్దం లేదు. అచ్చం అలాంటి నోరు నేను పొద్దున ఇంట్లో చూసి వచ్చాను.

ముందు రోజుల్లో పిల్లలతో ఉన్న సొర గాలానికి తగిలితే, పొట్ట చూడగానే తెలిసేదట, మళ్ళీ నీళ్ళలోకే వదిలేసేవాళ్ళట. "చూడలేదా?" అని చేపలక్క మొగుణ్ణి మెల్లిగా అడిగింది. ఆయన తెగిన చేత్తో పిల్లల్ని ఏరుకున్నాడు. "చూశా," అన్నాడు. "ఇంకోటి దొరుకుతుందని నమ్మకముంటే వదిలేసి ఉందును." రాళ్ళ సందులోంచి నీళ్ళ దాకా దిగి వాటిని ఒక్కొక్కటిగా వదిలాడు. అల వచ్చింది. ఒకటి రాళ్ళ మీదికే తిరిగొచ్చింది. మిగతావి ఏమయ్యాయో చీకటి పడుతుంటే కనబడలేదు.

సొరని తెచ్చి పుట్టు చేశాను. చేతులు వాటంతటవే పని చేశాయి. నా కూతురికి ఏమీ చెప్పలేదు. ఆకలి మీద ఉంది, కంచం ఊడ్చి తింది. "అబ్బ, ఎంత రుచిగా ఉందమ్మా, ఇట్టాంటి చేప తిని ఎన్నాళ్ళయిందో," అంది. నేను ఒక్క మెతుకు ముట్టలేదు. మర్నాడు మధ్యాహ్నానికి నా కూతురి జాకెట్టు పాలతో తడిసింది. బిడ్డ పట్టింది. లాగింది. ఆగింది. మళ్ళీ లాగింది. గుటక చప్పుడు వినబడింది. నా కూతురు నవ్వుతూ ఏడ్చింది. మా ఆయన గది బయట నిలబడి, "ఏమైంది? ఏమైంది?" అని అరుస్తున్నాడు. సొర వల్లో, పాలు దిగే వేళే అయిందో, నేను చెప్పలేను. బుధవారం డాక్టరమ్మ బరువు చూసి, "పెరిగింది, ఇంటికి తీసుకుపోండి," అంది. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

కానీ భయం పోలేదు. అది చోటు మారిందంతే. బిడ్డ పాలు తాగి పక్కకి ఒరిగి నోరు తెరిచినప్పుడల్లా నాకు రాళ్ళ మీద ఆ నోరు కనబడేది. ఇది పెద్దదై, దీనికో బిడ్డ పుట్టి, ఇలాగే ఏడిస్తే ఏం పెడతారు? పుట్టు అంటే ఏమిటో అప్పటికి ఎవరికైనా తెలుస్తుందా?

కొన్నాళ్ళకి చేపలక్క వచ్చింది. ఆయన చెయ్యి మానుతోందట, పడవ మాత్రం ఇంకా ఒడ్డునే ఉందట. పుట్టు వండిన రోజు ఆమెకని తీసిన మొదటి పిడికెడు అప్పుడే వాళ్ళింటికి పంపేశాను, చీర పెట్టడం మిగిలింది. పసుపూ కుంకుమతో పెట్టాను. గంప గుమ్మంలో దించింది. అందులో చేపల్లేవు. మునగాకు కట్టలున్నాయి. ఇప్పుడు ఆకుకూర అమ్ముతోందట. రెండు కట్టలు తీసి నా చేతికిచ్చింది. "ఇది వండి పెట్టు మా. ఇది కూడా పాలిస్తుంది." లోపలికెళ్ళి బిడ్డ పాదం ముట్టుకుని, కళ్ళకద్దుకుని, మళ్ళీ గుమ్మంలోకొచ్చింది. గంప నెత్తికెత్తుకుంది.

నేను ఎదురు చూశాను. ఆమె ఆ మాట అంటుందని. అనలేదు.

"చెప్పక్కా," అన్నాను.

"ఏం చెప్పేది మా?"

"అదే. మళ్ళీ కానుపుకీ, అని. నా కానుపప్పుడు చెప్పావే, అది."

ఆమె నా వైపు చూడలేదు. నెత్తి మీద గంప సర్దుకుంది. సర్దుకోవడానికి బరువేమీ లేదు, అంతా ఆకే. "పాపకి చేప రుచి అలవాటు చెయ్యొద్దు మా," అంది. మెట్లు దిగి, వీధిలో పడి, మునగాకో మునగాకు అని అరుచుకుంటూ పోయింది. చేపో చేప అని అరిచినప్పటి రాగమే.

"ఏందమ్మా, అక్క ఏమంటాంది?" అని లోపలి నుంచి నా కూతురు అడిగింది.

"పాప బాగుందంటాంది," అన్నాను.